“మీ అమ్మాయి ఏం చదువుతోంది?” అంటే నాన్న తడబడుతున్నారు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. నాన్న ఆర్టీసీలో కండక్టర్, అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. నేను చెన్నైలో బీఎస్సీ స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. స్కూల్లో కబడ్డీ ఆడేదాన్ని, జూనియర్స్‌లో రాష్ట్రస్థాయి వరకు వెళ్లాను. డిపోలో ఎవరైనా ‘మీ అమ్మాయి ఏం చదువుతోంది?’ అని అడిగితే నాన్న తడబడి ‘ఏదో ఆటల డాక్టర్ కోర్సు’ అంటున్నారు. బాబాయి ‘చివరికి పీఈటీయే కదా, దానికి చెన్నై దాకా ఎందుకు?’ అంటాడు. క్లాసులో కొందరు మళ్లీ మొదటి నుంచి బీపీటీ చేసి ఫిజియోలు అవుతామంటున్నారు. హైదరాబాద్‌లో ఒక జిమ్ వాళ్లు ట్రైనర్‌గా రమ్మన్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చేస్తే ‘ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్’ అయిపోవచ్చని, లోన్ కూడా ఇప్పిస్తామని చెప్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నాకు ఏ దారి మంచిది? ఇంకో చిన్న విషయం, చర్మం మడత పట్టి ఒంట్లో కొవ్వు కొలిచే స్కిన్‌ఫోల్డ్ కాలిపర్ సొంతంగా ఒకటి కొనుక్కోవాలా? మంచిది కొనాలంటే చాలా ఖరీదు.
ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: నువ్వు అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు. నీ ఉత్తరం చదువుతూ మీ నాన్నగారి మాట దగ్గర ఆగిపోయాను. ఇరవై ఏళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే గొడవ. పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే మా అమ్మ ‘జిమ్నాస్టిక్స్ చదువుతోంది’ అని చెప్పేది. మొదట్లో సరిదిద్దేదాన్ని, తర్వాత మానేశాను. అసలు సంగతేమిటంటే, సరైన మాట ఏమిటో నాకూ తెలియదు.

ఇప్పుడు తెలుసు. ఈసారి ఎవరైనా అడిగితే మీ నాన్నని ఇలా చెప్పమను: ‘ఆడేవాళ్ల ఒంటిని కొలిచి, ఎవరితో ఎంత సాధన చేయించాలో చెప్పే చదువు.’ కొలవడం, రాసిపెట్టుకోవడం, రాసిందాన్ని బట్టి మర్నాటి పని మార్చడం. నువ్వు చదివిన ఫిజియాలజీ, బయోమెకానిక్స్, న్యూట్రిషన్ అన్నీ ఈ మూడు పనుల కోసమే.

కొలతేముంది, టేపూ స్టాప్‌వాచీ ఉంటే ఎవరైనా కొలుస్తారు అంటారేమో, వాళ్లకి మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి చెప్పు. 2020 జనవరిలో మూడబిద్రిలో యూనివర్సిటీల మీట్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ పెట్టిన 13.38. అయినా జ్యోతి టైమింగ్ లెక్కలోకి రాలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, ఫెడరేషన్ తరఫు సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తింది. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, నిబంధన 2.0 వరకే. అదీ పోయింది. ఆ తర్వాతి నెల సైప్రస్‌లో 13.23కి పరిగెడితే, ముందు రెండింటికంటే నెమ్మదైన ఆ పరుగుకే రికార్డు దక్కింది. కాళ్లు అవే, కష్టం అదే. పక్కన పద్ధతిగా కొలిచి రాసేవాళ్లు ఉన్న రోజే దానికి విలువ వచ్చింది.

ఇక మీ బాబాయి మాట. అందులో ఎగతాళి ఉంది గానీ అబద్ధం లేదు. పీఈటీ ఉద్యోగం చిన్నదేం కాదు. సర్కారు జీతం, సొంత జిల్లా, ముఖ్యంగా పల్లెటూరి ఆడపిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకొచ్చే అవకాశం. నిన్ను కబడ్డీలోకి లాగింది ఎవరో ఒక పీఈటీ సారో మేడమో అయ్యుంటారు కదా? కానీ నీ బీఎస్సీతో నేరుగా ఆ పోస్టు రాదు. వ్యాయామ విద్యలో బీపీఈడీ చేయాలి, అది రెండేళ్లు. దానికి పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. రాయడమంటే పెన్నుతో కాదు, పరుగు, షాట్‌పుట్, జంప్, నీ ఆటలో నైపుణ్యం చూస్తారు. రాష్ట్రస్థాయి సర్టిఫికెట్లు అక్కడ పనికొస్తాయి, భద్రంగా పెట్టుకో. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో దేవుడికే ఎరుక కాబట్టి దాని మీదే కూర్చోకు. ముప్పై దాటాక కూడా తెరిచి ఉండే తలుపిది. ఇవాళే దూరాలనేం లేదు.

బీపీటీ సంగతి కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం దీని గురించే. ‘స్పోర్ట్స్ సైన్స్‌తో ఏం రాదు, ఫిజియో అయితే గౌరవం’ అన్న మాట ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు మొదలుపెడతారు, నెల తిరిగేసరికి క్లాసంతా పాకుతుంది. ఫిజియోకి చట్టబద్ధమైన గుర్తింపు ఉన్న మాట నిజమే. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో ఫిజియోథెరపీ ఉంది. నీ డిగ్రీతో నువ్వు ఫిజియోనని బోర్డు పెట్టకూడదు, గాయానికి చికిత్స చేయకూడదు. ఇందులో ‘కొంచెం చేయొచ్చులే’ అనే సందు లేదు. తొడ వెనక కండరం (హామ్‌స్ట్రింగ్) పట్టేసిందని పిల్లాడు కుంటుతూ వస్తే నువ్వు చేయాల్సింది ఆట ఆపించి ఫిజియో దగ్గరికో డాక్టర్ దగ్గరికో పంపడం.

కానీ ఫిజియోల రోజు ఎలా గడుస్తుందో చూశావా? సెలవుల్లో ఖమ్మంలోనే ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో అడిగి రెండు రోజులు కూర్చో. వచ్చేవాళ్లలో ఆటగాడు ఎప్పుడో ఒకడు. భుజం పైకి లేవని అరవై ఏళ్ల పెద్దావిడ, పక్షవాతం వచ్చి చెయ్యి ముడుచుకుపోయిన రైతు, మోకాలు మార్పిడి అయిన టీచరు. వాళ్ల చెయ్యి పట్టుకుని, అదే కదలికని రోజుకి నలభై సార్లు చేయించడం నీకు ఇష్టమైతే ఇంకో నాలుగైదేళ్లు పెట్టు, నేను కాదనను. మనసు గ్రౌండ్‌లో ఉండి చేతులు క్లినిక్‌లో ఉంటే మాత్రం ఇరవై ఆరేళ్లకి మళ్లీ నాకు ఇలాంటి ఉత్తరమే రాస్తావు. గాయమైన మోకాలిని నిలబెట్టేది ఫిజియో. ఆ మోకాలు మళ్లీ పరిగెత్తేదాకా, దూకేదాకా, అవతలివాణ్ని తోసుకుని గీత దాటేదాకా బలం పెంచేది నీలాంటివాళ్లు. అసలు గాయం కాకుండా ముందే కాచుకోవడం కూడా మీ పనే. ఇద్దరూ కావాలి. ఒకరి పని ఇంకొకరు చేసేచోట మోకాళ్లు పాడవుతాయి.

ఇలా ఆటగాళ్ల బలం, దమ్ము పెంచే పనికి మీ పుస్తకాల్లో స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ అని ఉంటుంది, గ్రౌండ్‌లో అందరూ ఎస్‌అండ్‌సీ అంటారు. నీ ఉత్తరాన్ని బట్టి నీ మనసు అటే ఉందనిపిస్తోంది. ఈ పని ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క నోట్‌బుక్ సంగతి చెప్తాను.

నా రెండో ఉద్యోగం ఒక అమ్మాయిల స్పోర్ట్స్ హాస్టల్లో. ఎంత పరిగెత్తారో చెప్పే జీపీఎస్ చొక్కాలు లేవు, కాలి బలం కొలిచే ఫోర్స్ ప్లేట్లు లేవు. ఉన్నవి విజిల్, పదహారు కోన్లు, ఒక స్టాప్‌వాచ్. నేను కిరాణా కొట్టులో లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ప్రాక్టీస్ అయిన అరగంటకి, పిల్లలు టిఫిన్ లైన్లో నిలబడ్డప్పుడు, ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగేదాన్ని: ‘ఇవాళ ఎంత కష్టమనిపించింది? సున్నా నుంచి పదిలో చెప్పు.’ ఆ అంకెని ప్రాక్టీస్ నిమిషాలతో గుణిస్తే ఆ రోజు ఆ పిల్ల ఒంటి మీద పడ్డ లోడ్. నువ్వు చదివే ఉంటావు, సెషన్ ఆర్‌పీఈ. నలభై నిమిషాల తేలిక జాగింగ్‌కి ఎక్కువమంది మూడు అనేవాళ్లు, అంటే నూట ఇరవై. 400 మీటర్ల అమ్మాయి ఒకతె ఎనిమిది అంది. మూడొందల ఇరవై. మొదట అబద్ధం అనుకున్నాను. మర్నాడూ ఎనిమిదే. వారం గడిచేసరికి ఆ పిల్ల వరుసంతా ఏడులూ ఎనిమిదులే.

కోచ్ సార్ మంచివాడే గానీ పాతకాలం మనిషి, ‘దానికి బద్ధకం పట్టింది, రెండు రౌండ్లు ఎక్కువ కొట్టించు’ అన్నాడు. నోట్‌బుక్ తీసి చూపించాను. పక్కవాళ్ల అంకెలు, ఈ పిల్ల అంకెలు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పిల్లని పక్కకి పిలిచి నెలసరి గురించి అడిగితే, రెండు నెలలుగా చాలా ఎక్కువ పోతోందని అప్పుడు చెప్పింది. సార్‌కి ఎలా చెప్తుంది? డాక్టర్ దగ్గర పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. ఆ రక్తంతో 400 మీటర్లు పరిగెత్తుతోందా పిల్ల! మందులు, తిండి, రెండు నెలలు తేలిక ప్రాక్టీస్. తర్వాత అదే జాగింగ్‌కి ‘మూడు మేడమ్’ అని నవ్వింది.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఐదోది) లెక్క. ఆడే అమ్మాయిలేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, వాళ్లూ అందులోవాళ్లే. అమ్మాయిల జట్ల దగ్గర చదువుకున్న ఆడమనిషి ఒకరుండటం ఎంత అవసరమో, ఎంతమంది తక్కువో నాకు తెలుసు. ఇది నీకున్న బలం. ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా చెప్పు.

ఈ దారిలో ఉద్యోగాలు ఎక్కడ? సాయ్, అంటే స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, తన నేషనల్ సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్‌కి ఎస్‌అండ్‌సీ నిపుణుల్ని, ఫిజియాలజిస్టుల్ని, బయోమెకానిక్స్, న్యూట్రిషన్, సైకాలజీవాళ్లని తీసుకుంటుంది. చాలావరకు కాంట్రాక్టు పోస్టులు. సైన్స్ పోస్టులకి ఎక్కువగా పీజీ అడుగుతారు. వాళ్ల వెబ్‌సైట్‌లో పాత ప్రకటనలు ఓ పది తీసి అర్హతల కాలమ్ చదువు. కెరీర్ గైడెన్స్ క్లాసులకంటే అదే మేలు. మన దగ్గర హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉంది, కడపలో స్పోర్ట్స్ స్కూల్ ఉంది, గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ 2008 నుంచి నడుస్తోంది. దాని చుట్టుపక్కలే హైదరాబాద్‌లో చిన్నా పెద్దా బ్యాడ్మింటన్ అకాడమీలు బోలెడు పుట్టాయి. చిన్న అకాడమీల్లో జీతం తక్కువ, పని ఎక్కువ, నేర్చుకునేది మరీ ఎక్కువ. క్రికెట్‌లో డబ్బుంది, కాబట్టి పోటీ కూడా అక్కడే. 2011 ప్రపంచకప్ జట్టుకి రాంజీ శ్రీనివాసన్, కోహ్లీ కాలంలో శంకర్ బసు ఫిట్‌నెస్ చూశారు. ఇద్దరూ నువ్వు చదువుతున్న చెన్నై నుంచి వచ్చినవాళ్లే. యోయో టెస్ట్ జనం నోళ్లలో పడింది బసు హయాంలోనే. ఇరవై మీటర్లు పోయి రావడం, పది సెకన్లు ఊపిరి తీసుకోవడం, మళ్లీ బీప్. నీకు తెలిసిందే. టీవీలో ఆ మాట విన్న జనం ‘వీళ్లకి ఎస్‌అండ్‌సీ కోచ్ అని ఒకరుంటారా!’ అనుకున్నారు. అదొక మేలు.

కబడ్డీ ఆడినదానివి కాబట్టి ఇంకో దారి చెప్తాను, దీన్ని మీ క్లాసులో ఎవరూ పట్టించుకుని ఉండరు. వీడియో అనాలిసిస్. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక ఈ ఆట లెక్కల్లోకి వచ్చింది. ఒక మ్యాచ్ రికార్డింగ్ పెట్టుకో. ముప్పై సెకన్ల రైడ్‌లో రైడర్ ఎటువైపు నుంచి మొదలుపెట్టాడు, పాయింట్ తేకపోతే అవుటయ్యే డూ ఆర్ డై రైడ్‌లో ఎవరి మీదకి పోతున్నాడు, ఎదుట ఆరుగురు ఉన్నప్పుడు బోనస్‌కి కాలు చాస్తున్నాడా, లెఫ్ట్ కార్నర్‌వాడు చీలమండ పట్టడానికి ముందు ఏ అడుగు వేస్తున్నాడు. వీటిని ఎక్సెల్‌లో రైడ్ రైడ్‌కీ రాయి. కినోవియా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, వీడియోని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి కోణాలు కొలవొచ్చు. లెక్కలు తెలిసిన కంప్యూటర్ కుర్రాళ్లు బోలెడంతమంది ఉంటారు, కానీ మ్యాట్ మీద కింద పడి మోచేతులు గీరుకున్నవాళ్లకే ఏది లెక్కపెట్టాలో తెలుస్తుంది. ఒక పది మ్యాచ్‌ల ఫైలు తయారైతే దాన్ని పట్టుకుని ఏ జట్టు కోచ్‌నైనా కలవొచ్చు. ఒక చిక్కు ఉంది, లీగ్ ఉద్యోగాలు సీజన్ వరకే. మిగతా నెలలకి ఇంకో పని చూసుకోవాలి.

ఇక జిమ్. ‘డిగ్రీ చదివి జిమ్‌లోనా’ అని నువ్వు అనలేదు గానీ నీ వాక్యంలో ఆ వాసన ఉంది. నేను మొదట చేసింది జిమ్ ఉద్యోగమే. పొద్దున ఐదు నుంచి పది, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి పది, మధ్యలో ఎటూ కాని పగలు. ఆ పది నెలల్లో నేను నేర్చుకున్నది మూడేళ్ల కాలేజీలో రాలేదు. నడుం నొప్పి ఉన్న బ్యాంకు ఉద్యోగికి స్క్వాట్ నేర్పాలంటే ‘హిప్ హింజ్’ అంటే అర్థం కాదు. ‘వెనక ముక్కాలి పీట ఉందనుకుని కూర్చోండి అంకుల్’ అంటే ఒక్కసారికే కూర్చున్నాడు. ఇలా తెలుగులో ఒంటిని నడిపించడం రావాలంటే రోజుకి ఇరవైమందిని చూడాలి.

చేరు. అయితే ముందు రెండు మూడు సంగతులు తేల్చుకో. జీతం ఎంత, పర్సనల్ ట్రైనింగ్ టార్గెట్ ఎంత, టార్గెట్ దాటకపోతే జీతం కోస్తారా? కాగితం మీద రాసివ్వమను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకు. అన్నిటికంటే ముఖ్యం ప్రోటీన్ పౌడర్ డబ్బాలు. నేను పనిచేసిన చోట మేనేజర్ నెలకి ఇన్ని డబ్బాలు అమ్మాలని నా పేరు పక్కన అంకె వేశాడు. లేబుల్ మీద ఉన్నదేమిటో, లోపల ఉన్నదేమిటో అతనికీ తెలియదు. ఆటగాళ్లతో పనిచేయాలనుకునే నీకు ఇది ప్రాణాంతకం. డోపింగ్‌లో దొరికితే ‘ట్రైనర్ ఇచ్చింది, నాకు తెలియదు’ అన్న మాట ఆటగాణ్ని కాపాడదు, ఒంట్లో ఏం దొరికినా పూచీ అతనిదే. 2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టం కోచ్‌లు, ట్రైనర్లు, పక్కనుండే సిబ్బందికీ వర్తిస్తుంది. నేను ఆ ఉద్యోగం మానేసింది ఆ డబ్బాల మీదే. ఒక ఏడాది పెట్టుకో, అంతకంటే వద్దు. రెండో ఏడాది కూడా అక్కడే ఉంటే జీతం కొంచెం పెరుగుతుంది గానీ నేర్చుకునేది ఆగిపోతుంది.

ఇంకో దారి గురించి నువ్వు అడగలేదు. నన్నడిగితే రాబోయే రోజుల్లో మీలో ఎక్కువమందికి అన్నం పెట్టేది అదే. ఆటగాళ్లు కానివాళ్లు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. వీళ్లందరికీ డాక్టర్ చీటీ మీద చివరి లైను ఒకటే, ‘రోజూ నడవండి.’ ఎంత నడవాలి, ఎంత వేగంగా, మోకాళ్లు నొప్పైతే ఏం చేయాలి? చెప్పే తీరిక ఆయనకి లేదు. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే రక్తంలో చక్కెరని లాక్కుంటుందని నువ్వు పరీక్షలో పది మార్కులకి రాసుంటావు. ఆ పది మార్కుల జవాబుని మీ వీధిలో ఒక పెద్దాయనకి అర్థమయ్యేలా చెప్పి, తిన్న తర్వాత పదిహేను నిమిషాలు నడిపించగలిగితే అదొక వృత్తి.

ఇక్కడ తెలిసి చేయడానికీ తెలియక చేయడానికీ చాలా తేడా. బీపీకో గుండెకో మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడేవాళ్లకి గుండె వేగం మామూలుగా పెరగదు. 220లోంచి వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగం లెక్కగట్టి ‘ఇంకా వేగంగా నడవండి, పల్స్ రాలేదు’ అని తరిమితే ప్రమాదం. వాళ్లతో నడుస్తూ మాట్లాడించాలి. మాట్లాడగలుగుతున్నారు గానీ పాట పాడలేకపోతున్నారంటే సరిపోయింది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో వస్తే ఆ రోజు వ్యాయామం లేదు, జేబులో గ్లూకోజ్ ఉండాల్సిందే. మన ఆస్పత్రుల్లో గుండె జబ్బుల పునరావాసం ఎక్కువగా ఫిజియోల చేతుల్లోనే ఉంది, కాబట్టి ‘ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ కావలెను’ అన్న బోర్డు కోసం చూడకు, అది కనబడదు. షుగర్ క్లినిక్ నడిపే డాక్టర్ని కలిసి, ఆయన చూసే పేషెంట్లలో ఆయన సరేనన్న పదిమందికి మూడు నెలలు చేయిస్తానని అడుగు. ముందు ఎంత దూరం నడవగలిగారు, తర్వాత ఎంత, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచారు. ఆ కాగితం చూపిస్తే నీ చదువేమిటో డాక్టర్‌కి తెలుస్తుంది.

ఆస్ట్రేలియా. కన్సల్టెన్సీవాళ్లు చెప్పింది సగం నిజం. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ అక్కడ నిజంగానే గుర్తింపున్న వృత్తి. దీర్ఘకాల జబ్బులున్నవాళ్లని ఫ్యామిలీ డాక్టర్ రాసి పంపిస్తే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కొంత డబ్బు కడుతుంది. ఆ గుర్తింపు ఇచ్చేది ఎక్సర్‌సైజ్ అండ్ స్పోర్ట్స్ సైన్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ. మిగతా సగం ఏమిటంటే, పేరులో స్పోర్ట్స్ సైన్స్ ఉన్న ప్రతి మాస్టర్స్‌తోనూ ఆ గుర్తింపు రాదు. ఆ సంస్థ ఆమోదించిన కోర్సే చేయాలి, వందల గంటల ప్రాక్టికల్స్ పూర్తి చేయాలి. పైగా నీ బీఎస్సీ సిలబస్ వాళ్లు అడిగే పునాదికి సరిపోవాలి. కన్సల్టెన్సీ చెప్పిన యూనివర్సిటీ, కోర్సు పేరు వాళ్ల జాబితాలో ఉందో లేదో నువ్వే చూడు. నీ సిలబస్ జతచేసి ఆ సంస్థకే నేరుగా మెయిల్ పెట్టు. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా లోన్ కాగితాల మీద మీ నాన్న చేత సంతకం పెట్టించకు. కండక్టర్ జీతం మీద తీసుకునే అప్పు అది. ఏడాది రెండేళ్లు ఇక్కడ పనిచేసి వెళ్తే నీకే ఏం చదవాలో తెలుస్తుంది, చేతిలో అనుభవం కూడా ఉంటుంది.

నన్ను ఒక్క దారి చెప్పమంటే ఇది చెప్తాను: ముందు ఎస్‌అండ్‌సీ, దానికి మెట్టుగా ఏడాది జిమ్, పక్కన కబడ్డీ వీడియోల పని. పీజీ ఆ తర్వాత. మణిపాల్, శ్రీరామచంద్ర, అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ యూనివర్సిటీ, ఇంఫాల్ నేషనల్ స్పోర్ట్స్ యూనివర్సిటీ, ఇలా చూడాల్సినవి ఉన్నాయి. కోచింగ్ వైపు మనసు పోతే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) డిప్లొమా ఉంది, అక్కడ నువ్వు ఆడిన స్థాయిని కూడా చూస్తారు. సర్టిఫికెట్ల విషయంలో ఆన్‌లైన్‌లో కనబడ్డ ప్రతిదానికీ డబ్బు కట్టకు. ఎస్‌అండ్‌సీకి ఎక్కువచోట్ల అడిగేది అమెరికా సంస్థ ఎన్ఎస్‌సీఏ వాళ్ల సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్. పరీక్షలో 220 ప్రశ్నలు, నాలుగు గంటలు. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు, డిగ్రీ చేతికొచ్చాక మార్కుల జాబితా పంపితే సరిపోతుంది. సీపీఆర్ సర్టిఫికెట్ తప్పనిసరి. 2030 నుంచి వాళ్లు ఆమోదించిన కోర్సులు చదివినవాళ్లకే అవకాశమని చెప్పారు కాబట్టి ఎప్పటికో వాయిదా వేయకు. ఫీజు డాలర్లలో ఉంటుంది, జిమ్ జీతంలోంచి నాలుగైదు నెలలు దాచుకుంటే వస్తుంది. నాన్నని అడగనక్కర్లేదు.

చివరికి కాలిపర్. కొనకు తల్లీ, ఇప్పుడే వద్దు. మీ కాలేజీ ల్యాబ్‌లో హార్పెండెనో మరోటో మంచిదే ఉంటుంది, బీరువాలో పెట్టి తాళం వేసుంటారు. ల్యాబ్ అసిస్టెంట్‌ని మంచి చేసుకో. ఒంటి కొలతలు తీయడం నేర్పే ఐసాక్ లెవెల్ 1 కోర్సు చెన్నైలో ఎక్కడైనా పెడితే చేరు. పరీక్ష అయ్యాక 20 మందిని కొలిచి లెక్కలు పంపాలి, చాలామంది ఆగిపోయేది అక్కడే. ఉద్యోగంలో చేరాక ఇరవైమందిని ఎనిమిదేసి చోట్ల చర్మం పట్టి కొలవనివ్వరెవరూ. హాస్టల్లో ఉన్నావు కదా, ఇప్పుడైతే ఒక్కో ఆదివారానికి ఇద్దరు దొరుకుతారు, బిర్యానీ పెట్టిస్తానంటే నలుగురు. ప్రతి చోటా రెండుసార్లు కొలువు. మొదటిసారి వచ్చిన అంకె కనబడకుండా ఫ్రెండ్ చేత రాయించు, లేకపోతే రెండోసారి నీ చేయి నీకు తెలియకుండానే ఆ అంకె దగ్గరే ఆగుతుంది. మొదటి ఐదుగురికీ రెండు కొలతలు కలవవు, కంగారు పడకు. పదో మనిషికి వచ్చేసరికి కలవడం మొదలవుతుంది. ఆ షీట్లు పారేయకుండా నాకు ఫొటో తీసి పంపు.